పాత పికప్ ముందు భాగం కుంగిందా? కొలత దగ్గర మొదలుపెట్టి కమాన్ కట్ట బిగించేదాకా

మా పికప్ 2008 మోడల్. వేసవి వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి నున్న మార్కెట్‌కు మామిడికాయ తోలుతుంది. మిగతా నెలల్లో ఎరువుల బస్తాలు, పశువుల దాణా. నాలుగేళ్ల కిందట ముందు ఎడమ వైపు కుంగడం మొదలైంది. చూసినవాళ్లందరూ "టైర్లో గాలి తగ్గింది, చూసుకో" అనేవాళ్లు. గాలి సరిగానే ఉంది. మొదట ఒక మెకానిక్ మాట విని షాక్ అబ్జార్బర్లు మార్పించాను. బండి ఒక్క మిల్లీమీటరు కూడా లేవలేదు. తర్వాత ఇంకో షాపులో పాత లారీ పట్టీ ఒకటి కోసి కమాన్ కట్టలో (బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలో) అదనంగా వేశారు. బండి లేచింది కానీ స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం మొదలైంది, గతుకు పడితే నడుం అదిరేది. ఐదు నెలలకు మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికంటే పొడవైనది) విరిగింది. అదనపు పట్టీ కొస ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడే విరిగింది.

అసలు జబ్బు వేరే. మూడో పట్టీ క్లిప్పు కింద ఎప్పుడో విరిగి ఉంది. షాకిల్ (కట్ట కొసను ఛాసీకి కలిపే, ఊగే లింకు) బుష్, అంటే దాని పిన్ను చుట్టూ ఉండే తొడుగు, అరిగిపోయి ఉంది. రెండూ బురద కింద దాక్కుని ఉన్నాయి. చూసినవాళ్లెవరూ కడగలేదు, టేపు పెట్టి కొలవలేదు. నేనూ కొలవమని అడగలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా పెడుతున్నాను. ముందు కొలత, తర్వాత కారణం, ఆ తర్వాతే స్పానర్. ఈ వరుస తప్పితే డబ్బు రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది.

ముందు చక్రాల దగ్గర ఏముందో చూడండి

బండి కిందికి వంగి చూస్తే మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

ఒకటి, కమాన్ కట్టలు. అటు చక్రం నుంచి ఇటు చక్రం దాకా ఒకే ఇరుసు, దాని మీదో కిందో పొడవాటి ఉక్కు పట్టీల కట్ట. మహీంద్రా పాత జీపులు, టాటా 407 లాంటివి ఇలాంటివే. మా పికప్ కూడా ఇంతే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీటి గురించే.

రెండు, టార్షన్ బార్. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముల నుంచి ఛాసీ వెంట వెనక్కి వెళ్లే ఉక్కు కడ్డీ. అది మెలి తిరుగుతూ బరువు మోస్తుంది. అమెరికాలో పాత టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు (1986 నుంచి 1995 దాకా వచ్చినవి), 1988-98 నాటి షెవర్లే కే1500 లాంటివి ఈ రకం. అక్కడున్న మనవాళ్లలో ఎవరైనా అలాంటి పాత బండి కొనుక్కుంటే పని కొంచెం తేలిక. కడ్డీ వెనుక కొస దగ్గర సర్దుబాటు బోల్టు ఉంటుంది. ముందు చక్రాలు గాలిలోకి లేపి, కడ్డీ మీద మెలి తగ్గాక, బోల్టు ఇప్పుడున్న చోట గుర్తు పెట్టి, రెండు వైపులా ఒక్కో చుట్టు మాత్రమే తిప్పాలి. బండి దించి, కాస్త దూరం నడిపి, మళ్లీ కొలవాలి. కంపెనీ ఇచ్చిన ఎత్తు దాటి లేపితే చక్రం కిందికి దిగే చోటు మిగలదు, యాక్సిల్ జాయింట్లు వంకర కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. బోల్టు చివరిదాకా తిప్పినా లేవకపోతే కడ్డీ పని అయిపోయినట్టు.

మూడు, కాయిల్ స్ప్రింగులు. ఇవి కుంగితే జతగా మార్చడమే దారి. నొక్కి ఉన్న కాయిల్ జారితే ప్రాణం మీదికి వస్తుంది. స్ప్రింగును నొక్కి పట్టే సరైన కంప్రెసర్ లేకుండా ఇంటి దగ్గర ముట్టుకోకండి.

కడిగి, కొలవండి

ముందు ప్రెషర్ నీళ్లతో కట్టలు, షాకిళ్లు, ఇరుసు, ఛాసీ బ్రాకెట్లు శుభ్రంగా కడిగించండి. ఈ ఒక్క పనితోనే సగం జబ్బులు కంటికి కనబడతాయి.

బండిని చదునైన సిమెంటు నేల మీద నిలపండి. పెట్రోల్ బంకు గచ్చు చదునుగా కనిపిస్తుంది కానీ నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది, అక్కడ వద్దు. రైసు మిల్లు గోదాము అరుగైతే మంచిది. బండి ఖాళీగా ఉండాలి, నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన గాలి ఉండాలి, సీట్లో ఎవరూ ఉండకూడదు.

కొలత నేల నుంచి తీయొద్దు. టైరు అరుగుదల, గాలి తేడా అందులో కలిసిపోతాయి. చక్రం నట్టనడుమ నుంచి నిలువుగా పైకి, మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి. కమాన్ కట్టల్లో ఇంకో చిక్కు ఉంది. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి కాబట్టి బండి ఎక్కడ ఆగితే అక్కడే కొంచెం పట్టుకుని ఉంటుంది. అందుకని బంపర్‌ను మూడు నాలుగు సార్లు కిందికి నొక్కి వదిలి ఒక కొలత, పైకి లేపి వదిలి ఇంకో కొలత తీసుకోండి. రెండింటి సగటే అసలు ఎత్తు.

మా బండికి కుడి 440 మిల్లీమీటర్లు, ఎడమ 412. తేడా 28. పాత బండ్లలో 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే నేను పట్టించుకోను. 15 దాటితే కారణం వెతుకుతాను.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో దీన్ని మర్చిపోతారు. రెండు కట్టల మధ్య దూరం కంటే రెండు మడ్‌గార్డ్‌ల మధ్య దూరం చాలా ఎక్కువ. మా బండిలో దాదాపు రెట్టింపు. అంటే కట్ట దగ్గర 14 మిల్లీమీటర్లు దిగితే మడ్‌గార్డ్ దగ్గర 28 కనిపిస్తుంది. "ఒక అంగుళం పైగా కుంగింది, అంత లేపాలి" అని ఒక్క వైపే కట్టను అంగుళం పైకి కొడితే బండి రెండో వైపుకు వాలుతుంది. రెండు వైపులా సమానంగా కుంగినప్పుడు మాత్రం కట్ట దగ్గర ఎంతో మడ్‌గార్డ్ దగ్గరా అంతే.

బంప్ రబ్బరుకూ (కట్ట మరీ వంగినప్పుడు ఇరుసు ఛాసీకి తగలకుండా ఆపేది) ఇరుసుకూ మధ్య ఉన్న ఖాళీ కూడా రాసిపెట్టుకోండి. రబ్బరు మీద కొత్తగా దెబ్బ తగిలిన మచ్చలు ఉన్నా, అసలు రబ్బరే ఊడిపోయి ఉన్నా, కట్ట చాలాకాలంగా తన హద్దు దాటి వంగుతోందని అర్థం.

కారణం ముందు ఉందా, వెనుక ఉందా

ముందు కుంగిన ప్రతి బండికీ తప్పు ముందే ఉండదు. వెనుక కట్ట ఒకటి కుంగితే ఛాసీ మొత్తం వాలి, ముందు కూడా అదే వైపు దిగినట్టు కనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. వెనుక ఛాసీ క్రాస్ మెంబర్ కింద నట్టనడుమ ఒకే జాకీ పెట్టి, వెనుక కట్టల మీద బరువు పోయేదాకా లేపండి. ఇప్పుడు వెనుక వైపు ఒకే బిందువు మీద నిలబడి ఉంది కాబట్టి బండిని ఎటూ వంచదు. ఈ స్థితిలో ముందు మళ్లీ కొలవండి. వాలు పోతే తప్పు వెనుక కట్టల్లో. వాలు అలాగే ఉంటే ముందు. కొలిచేటప్పుడు బండి కిందికి ఎవరూ దూరకూడదు, ఒక్క జాకీ మీద ఉన్న బండి అది.

ముందే అని తేలాక చూడాల్సినవి చెబుతాను.

పట్టీల్లో విరుపు. క్లిప్పుల కింద, యూ బోల్టుల (కట్టను ఇరుసుకు బిగించేవి) ప్లేటు అంచున, మెయిన్ పట్టీ కన్ను (గుండ్రంగా చుట్టిన కొస) మొదట్లో టార్చి వేసి చూడండి. విరిగిన చోట సన్నటి తుప్పు గీత ఉంటుంది. కొన్నిసార్లు ఒక పట్టీ కొస పక్కకు జరిగి ఉంటుంది.

సెంటర్ బోల్ట్. పట్టీలన్నిటినీ నడుమ కలిపి పట్టేది. ఇది తెగితే ఇరుసు ముందుకో వెనక్కో జరుగుతుంది. ముందు చక్రం నడుమ నుంచి వెనుక చక్రం నడుమ దాకా రెండు వైపులా కొలిచి పోల్చండి. పెద్ద తేడా వస్తే మొదటి అనుమానం దీని మీదే.

షాకిల్, బుష్‌లు. గునపం పెట్టి కన్ను దగ్గర మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు చిట్లి పిన్ను ఒక పక్కకు ఆనుకుని ఉంటే అది మార్చాల్సిందే. షాకిల్ వాలు కూడా చూడండి. కట్ట చదునైనకొద్దీ పొడవు పెరుగుతుంది, షాకిల్ బయటికి వాలుతుంది. ఖాళీ బండికే షాకిల్ ఛాసీకి తగిలేంత పడుకుని ఉంటే కట్ట వంపు పూర్తిగా పోయినట్టే.

ఛాసీ. బ్రాకెట్ రివెట్లు లూజయ్యాయా, పగుళ్లు ఉన్నాయా చూడండి. రెండు వైపుల కట్టలూ ఒకే నంబరువి అయితే కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూడవచ్చు. వాలు కట్టతో పాటు అటు వెళ్తే తప్పు కట్టది. వాలు అక్కడే ఉండిపోతే ఛాసీది, దానికి వేరే వైద్యం కావాలి.

చివరగా, మీరు తగిలించిన బరువు. ముందు ఇనుప గార్డు 40 కిలోలు ఉందనుకోండి. అది ముందు ఇరుసుకు 80 సెంటీమీటర్లు ముందుకు ఉంటే, మూడు మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండిలో ఇరుసు మీద పడేది 40 కాదు, దాదాపు 51 కిలోలు. ఏళ్ల తరబడి, ప్రతి గతుకులో. ఈ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. నేను మా బండిది తీసేయించాను.

షాక్ అబ్జార్బర్ల సంగతి. అవి బండి ఊగడాన్ని ఆపుతాయి కానీ బరువు మోయవు. ఆయిల్ కారుతుంటే మార్చండి, ఎత్తు కోసం మార్చకండి.

మన దగ్గర ఎడమ వైపే ఎక్కువ బండ్లు కుంగడానికి కారణం రోడ్డే. ఎదురు బండి వచ్చినప్పుడల్లా మార్జిన్‌లోకి దిగి ఎక్కేది ఎడమ చక్రం. రోడ్డు వాలు కూడా అటే.

కొత్త కట్టా, పాతది కొట్టించడమా, పట్టీ చేర్చడమా

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండిని ఇంకో మూడేళ్లయినా నడపాలనుకుంటే కొత్త కట్టల జత వేయండి. ఒక్కటి కాదు, జత. కొత్తదీ పాతదీ కలిపితే బండి ఈసారి రెండో వైపుకు వాలుతుంది. కొన్ని బండ్లకు కుడి కట్ట, ఎడమ కట్ట వేరువేరుగా ఉంటాయి, పాత కట్ట మీది నంబరు చూసుకుని కొనండి.

కొట్టించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కమాన్ పని బాగా తెలిసినవాళ్లు ఉన్నారు. పని బాగా చేస్తే ఫలితం ఉంటుంది. కానీ ఏం చేస్తున్నారో మీకు తెలియాలి. కమాన్ ఉక్కులో సిలికాన్, మాంగనీసు, కొన్నిట్లో క్రోమియం కలిసి ఉంటాయి. దాని బలమంతా పదునులో ఉంది. సుమారు 850 డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ 450-500 డిగ్రీల దగ్గర మెల్లగా వేడి చేస్తేనే ఆ పదును వస్తుంది. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి గాలికి వదిలేస్తే ఉక్కు మెత్తబడి, నెల తిరిగేసరికి మళ్లీ చదునవుతుంది. కాల్చి నీళ్లలో ముంచితే గాజులా పెళుసై విరుగుతుంది. కాల్చకుండా సుత్తితో కొట్టి వంపు తెస్తే ఉక్కు పదును పోదు కానీ ఆ వంపు ఎక్కువ కాలం నిలవదు. అందుకని షాపులో మూడు ప్రశ్నలు అడగండి. ఫర్నేసు ఉందా? నూనె తొట్టి ఉందా? పని అయ్యాక కట్టను ప్రెస్సులో పెట్టి చదునయ్యేదాకా రెండు మూడు సార్లు నొక్కి చూస్తారా? మూడోది చేయకపోతే మొదటి లోడుకే ఎత్తు పడిపోతుంది. ఇంత చేసినా కొత్త కట్టకు ఫ్యాక్టరీలో పట్టీ ఉపరితలం మీద సన్నటి ఉక్కు గుళ్లతో కొట్టి ఇచ్చే బలం దీనికి ఉండదు. కాబట్టి విరిగే అవకాశం ఎక్కువే.

ఇంకో సంగతి. కట్టలో చిన్న పట్టీలకు పెద్దదానికంటే వంపు ఎక్కువ ఉంటుంది. విడిగా పేర్చితే పట్టీకీ పట్టీకీ మధ్య సందు కనిపిస్తుంది. బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుని పట్టీలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. మెయిన్ పట్టీ మీద భారం తగ్గించడానికే ఇలా చేస్తారు. మెయిన్ పట్టీ ఒక్కటే కొట్టి వంపు తెస్తే ఈ సందు పోతుంది, భారమంతా మెయిన్ పట్టీ మీద పడుతుంది. కొట్టిస్తే అన్ని పట్టీలూ కొట్టించాలి.

పట్టీ చేర్చడం మాత్రం వద్దు. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనంలో పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీల కట్టలో 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, అదే పొడవు, అదే వెడల్పు ఉన్నా అది దాదాపు రెండు పట్టీలంత గట్టిది. మిగతావి వంగుతుంటే అది వంగదు. దాని కొస దగ్గర మెయిన్ పట్టీ ఒకే చోట మళ్లీ మళ్లీ మడత పడుతుంది. మా బండిలో జరిగింది అదే. పొడవాటి షాకిళ్లు వేసి లేపడం కూడా ఇలాంటి దగ్గరి దారే. ఇరుసు కోణం మారి స్టీరింగ్ నిలకడ తప్పుతుంది.

విప్పే ముందు

జాకీలు రెండు, ఛాసీ కింద పెట్టడానికి ఉక్కు స్టాండ్లు రెండు, చెక్క దిమ్మెలు, పెద్ద రింగ్ స్పానర్లు, బాక్స్ స్పానర్‌కు తొడగడానికి పైపు, టార్క్ రెంచి, సమ్మెట, ఇత్తడి కడ్డీ, వైరు బ్రష్, రెండు గట్టి సీ-క్లాంపులు. కొత్త యూ బోల్టులు నట్లతో సహా, సెంటర్ బోల్టులు, బుష్‌ల సెట్టు ముందే తెచ్చి పెట్టుకోండి. యూ బోల్టులు ఒకసారి బిగించాక సాగుతాయి. పాతవి మళ్లీ వాడితే బిగువు నిలవదు. వాటి దగ్గర పొదుపు చేయకండి.

ముందు రోజు రాత్రే అన్ని నట్ల మరల మీద డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి వదిలేయండి. డీజిలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ కట్టల మీద పోసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది, బ్రేకు డ్రమ్ముల్లోకి చేరితే బ్రేకు పట్టదు.

ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. కట్ట బరువు ఒక్కరికి కష్టం, అదీ పడుకుని ఎత్తాలంటే.

విప్పడం

ఒకసారి ఒక వైపే విప్పండి. రెండో వైపు కట్ట బిగించి ఉంటే ఇరుసు తన చోట నిలుస్తుంది, కొలతలు పోల్చుకోవడానికీ పనికొస్తుంది.

1. వెనుక చక్రాలకు అడ్డు దిమ్మెలు, హ్యాండ్ బ్రేకు. చక్రం నట్లు నేల మీద ఉండగానే ఒక పట్టు సడలించండి.

2. ముందు భాగం లేపి, కట్ట వెనుక బ్రాకెట్‌కు వెనుకగా ఛాసీ కింద రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకుండా ఉంటేనే కిందికి వెళ్లండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కింద తల పెట్టొద్దు, అర నిమిషం పనికైనా సరే.

3. చక్రం తీసి, ఇరుసు కింద రెండో జాకీ పెట్టండి. షాక్ కింది నట్టు విప్పండి. జాకీని మెల్లగా దించుతూ కట్ట మీద బరువు పోయేదాకా వదలండి. ఇరుసు ఎప్పుడూ జాకీ మీదే ఉండాలి, బ్రేకు గొట్టం మీద వేలాడకూడదు. గొట్టం బిగుసుకుంటోందా అని చూస్తూ ఉండండి.

4. యూ బోల్టులు విప్పండి. రాకపోతే కోసేయండి, ఎలాగూ కొత్తవి వేస్తున్నాం. కోయడానికి గ్యాసు మంట వద్దు, గ్రైండర్ వాడండి. మంట పట్టీకి తగిలితే అక్కడ పదును పోతుంది.

5. కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు ముక్క ఉంటే దాని లావు వైపు ముందుకు ఉందా వెనక్కి ఉందా అని పెయింటుతో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. ఇది తిరగబడితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్ను) కోణం మారుతుంది, బండి రోడ్డు మీద అటూ ఇటూ లాగుతుంది. ఎందుకు లాగుతోందో నెలల తరబడి ఎవరికీ అంతుపట్టదు.

6. మొదట షాకిల్ బోల్టులు, తర్వాత స్థిరంగా ఉన్న కొస పిన్ను తీయండి. పిన్ను పట్టేసి ఉంటే ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టండి. నేరుగా సమ్మెటతో కొడితే కొస పూలై మరింత బిగుసుకుంటుంది.

కట్ట విప్పి చూడటం

పాత కట్టనే వాడుతున్నా, కొత్తదానితో పోల్చాలన్నా ముందు దాని వంపు కొలవండి. ఒక కన్ను నడుమ నుంచి రెండో కన్ను నడుమకు దారం లాగి కట్టి, సెంటర్ బోల్ట్ దగ్గర దారానికీ మెయిన్ పట్టీకీ మధ్య దూరం చూడండి. రెండు కట్టలకూ ఇలా తీస్తే ఏది ఎంత దిగిందో ఊహించాల్సిన పని లేదు.

సెంటర్ బోల్ట్ విప్పేముందు దానికి రెండు పక్కలా సీ-క్లాంపులు గట్టిగా బిగించండి. పట్టీలు లోపల ఒత్తిడితో ఉంటాయి. క్లాంపు లేకుండా బోల్టు తీస్తే ఎగిరి ముఖానికి కొడతాయి. బోల్టు తీశాక క్లాంపులను రెండు వైపులా మార్చి మార్చి కొంచెం కొంచెంగా వదలండి. పట్టీలకు సుద్దముక్కతో నంబర్లు వేయండి, ముందు కొస ఏదో కూడా రాయండి.

వైరు బ్రష్‌తో తుప్పు తీశాక పగుళ్లు చూడటానికి పాత కాలపు పద్ధతి ఒకటి బాగా పనిచేస్తుంది. పట్టీకి కిరసనాయిలు పట్టించి పది నిమిషాలు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచేసి, సుద్దముక్క పామండి. పగులు ఉన్న చోట లోపలి కిరసనాయిలు పైకి వచ్చి సుద్ద మీద తడి గీత కనిపిస్తుంది. పగిలిన పట్టీకి వెల్డింగు పనికిరాదు. వెల్డింగు వేడికి పదును పోయి దాని పక్కనే విరుగుతుంది. పట్టీ మార్చాల్సిందే, అదే మందం, అదే వెడల్పుతో.

తిరిగి పేర్చేటప్పుడు పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలచగా రాయండి. కొస దగ్గర నైలాన్ ప్యాడ్లు ఉన్న కట్టలకు ఇది వద్దు. కొత్త సెంటర్ బోల్ట్ వేసి, క్లాంపులతో దగ్గరికి తెచ్చాకే నట్టు బిగించండి. నట్టుతోనే లాగితే బోల్టు మర పోతుంది.

తిరిగి బిగించడం

స్థిరమైన కొస పిన్ను ముందు ఎక్కించి చేత్తో మాత్రమే బిగించండి. షాకిల్ కూడా అలాగే. ఇరుసును జాకీతో మెల్లగా పైకి తెచ్చి, సెంటర్ బోల్ట్ తల ఇరుసు ప్యాడ్ గుంటలో సరిగ్గా కూర్చుందో వేలితో తడిమి చూడండి. కూర్చోకుండా యూ బోల్టులు బిగిస్తే బోల్టు తల తెగుతుంది, ఇరుసు జరుగుతుంది.

యూ బోల్టులు నాలుగు నట్లూ ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో బిగించండి. చివరి బిగింపు టార్క్ రెంచితో, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెకు. అన్ని కాళ్లకూ నట్టు బయట కనిపించే మర సమానంగా ఉండాలి.

బుష్‌ల విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను బండి గాలిలో ఉండగా చివరిదాకా బిగించకూడదు. అలా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చిట్లుతుంది. చక్రాలు ఎక్కించి, బండి నేల మీదికి దించి, బంపర్‌ను నాలుగైదు సార్లు ఊపి, బరువు కట్ట మీద పడ్డాకే షాకిల్, పిన్ను బోల్టులు చివరి బిగింపు ఇవ్వండి. గన్‌మెటల్ బుష్‌లకు ఈ ఇబ్బంది లేదు కానీ వాటికి నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) నుంచి పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి.

రెండో వైపు కూడా ఇలాగే పూర్తి చేయండి.

నేల మీదికి దించాక

మళ్లీ టేపు తీసుకోండి. మడ్‌గార్డ్ ఎత్తు, వీల్‌బేస్ రెండు వైపులా, బంప్ రబ్బరు ఖాళీ కొలవండి. షాకిల్ నిటారుగా నిలబడినా, లోపలికి వాలినా కట్ట వంపు ఎక్కువైనట్టు. అది గతుకులో తిరగబడే ప్రమాదం ఉంది, అలా నడపకండి.

స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి బ్రేకు గొట్టం ఎక్కడా లాగడం లేదని, టైరుకు తగలడం లేదని చూడండి. ఎత్తు మారితే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) వాలు మారుతుంది. అందుకని బండి తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ కొంచెం పక్కకు ఉండవచ్చు. కంగారు పడక్కర్లేదు, లింక్ దగ్గర సర్దుతారు. అలైన్‌మెంట్ షాపులో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే కాదు, క్యాస్టర్ (కింగ్‌పిన్ ముందుకో వెనక్కో వాలి ఉండటం) కూడా చూడమని అడగండి. రెండు వైపులా రీడింగు కాగితం తీసుకోండి. హెడ్‌లైట్లు కూడా దింపించండి. కుంగిన ముక్కుకు సరిచేసిన దీపాలు ఇప్పుడు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి.

మొదటి 100 కిలోమీటర్లు లోడు లేకుండా నడిపి యూ బోల్టులకు మళ్లీ టార్క్ రెంచి పెట్టండి. మొదటి లోడు తర్వాత ఇంకోసారి. 500 కిలోమీటర్ల దగ్గర ఎత్తు కొలవండి. కొత్త కట్టలు కొంచెం సర్దుకుని దిగుతాయి. మావి రెండు వైపులా 6 మిల్లీమీటర్లు దిగి అక్కడ ఆగాయి. ఒక వైపే దిగితే ఆ వైపు సెంటర్ బోల్ట్, బుష్ మళ్లీ చూడండి.

ఆ అంకెలు నేను బండి తలుపు లోపల పెయింటుతో రాసి పెట్టాను. కుడి 446, ఎడమ 443, తేదీతో సహా. ప్రతి ఏడాది మామిడి సీజను మొదలయ్యే ముందు టేపు తీసి పోల్చి చూస్తాను. రెండు నిమిషాల పని.